పది బై పన్నెండు గదిలో బేస్‌ని దారికి తెచ్చుకోవడం ఎలా

ముందు ఒక చిన్న పని చేయండి. బేస్ గిటార్ బాగా వినిపించే పాట ఏదైనా మీ స్పీకర్లలో పెట్టి, కుర్చీలోంచి లేచి గది మూలకి వెళ్లి నిలబడండి. తర్వాత గదికి సరిగ్గా మధ్యకి రండి. ఆ తర్వాత వెనక గోడకి వీపు ఆనించి వినండి. పాట అదే, వాల్యూమ్ అదే, స్పీకర్లూ అవే. కానీ మూలలో గుండెల మీద గుద్దినట్టున్న బేస్ (పాటలో బాగా కిందుండే స్వరాలు), మధ్యకి వచ్చేసరికి సన్నబడిపోయి, గోడ దగ్గరికి వెళ్తే మళ్లీ ఉబ్బుతుంది. ఈ తేడా మీ చెవికి అందితే చాలు, మిగతాదంతా టేపూ కాగితమూ పని.

నేను బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటాను. పగలు ఆఫీసు, రాత్రుళ్లూ శని ఆదివారాలూ స్నేహితుల షార్ట్ ఫిల్ములకీ కవర్ పాటలకీ మిక్సింగ్, అంటే విడిగా రికార్డు చేసిన గొంతుల్నీ వాయిద్యాల్నీ సమపాళ్లలో కలపడం. మొదట్లో మంచం, బీరువా పోగా మిగిలిన చోటు ఒక్క మూలే కాబట్టి టేబుల్‌ని ఆ మూలకి తోసి పని మొదలుపెట్టాను. ఒక పాటలో బేస్ గిటార్ ఎ (A) నోట్ మీదకి వచ్చినప్పుడల్లా గది మొత్తం గుమ్మనేది, దాంతో ఆ నోట్‌ని ఈక్యూలో (ఏ స్వరం ఎంత గట్టిగా వినిపించాలో సర్దే చోట) కోసేశాను, ఇంకా గుమ్మంది, ఇంకా కోశాను. ఆ వారం మా ఫ్రెండ్ అనంతపురం వెళ్తూ దేవనహళ్లి దాటాక కారులో ఆ పాట పెట్టి నాకు ఫోన్ చేశాడు: "ఏరా, బేస్ వాయించినోడికి డబ్బులివ్వలేదా?" మిక్స్‌లో బేస్ నిజంగానే లేదు. నేను కోసింది గిటార్‌ని, గోల చేసింది మాత్రం నా గది.

అప్పటికే ఒక షాపువాడి మాట విని పిరమిడ్ల ఫోమ్ షీట్లు గోడ నిండా అంటించి ఉన్నాను. వాటి వల్ల గది చూడటానికి స్టూడియోలా తయారైంది, బేస్ వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఎందుకు కదల్లేదో కింద చెప్తాను.

అసలు ఏం జరుగుతోంది

మా వీధిలో నీళ్లు రాని రోజు బకెట్ పట్టుకుని మెట్లెక్కినవాళ్లకి ఈ సంగతి చేతికి తెలుసు. మామూలుగా నడిస్తే నీళ్లు కొద్దిగా ఊగుతాయి. కానీ మీ అడుగుల వేగమూ బకెట్లో నీళ్లు ఇటునుంచి అటు ఊగే వేగమూ కలిసిపోయాయంటే నాలుగడుగుల్లో నీళ్లు ప్యాంటు మీద ఉంటాయి. ఆ ఊగే నీళ్లని ఎప్పుడైనా గమనించండి: అంచుల దగ్గర ఒకవైపు లేస్తూ రెండోవైపు దిగుతూ ఉంటాయి, నడిమధ్యలో మట్టం దాదాపు కదలదు.

గదిలో గాలి కూడా ఇదే చేస్తుంది. స్పీకర్ నుంచి వచ్చిన అల గోడకి కొట్టుకుని వెనక్కి వస్తుంది, ఎదుటి గోడకి కొట్టుకుని మళ్లీ వస్తుంది. ఆ అలలో సగం పొడవు సరిగ్గా రెండు గోడల మధ్య దూరానికి సరిపోతే, వెళ్లే అలా వచ్చే అలా ఒకదాన్నొకటి పెంచుకుంటూ నిలబడిపోతాయి. దీన్నే రూమ్ మోడ్ అంటారు. బకెట్లో అంచుల్లాగే ఇక్కడ గోడల దగ్గర ఒత్తిడి ఎక్కువ, మధ్యలో దాదాపు సున్నా. మన చెవి వినేది ఒత్తిడినే కాబట్టి గోడ దగ్గర బేస్ ఉబ్బి, మధ్యలో మాయమవుతుంది. ఆ అల సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ సంఖ్యకి (అదే ఫ్రీక్వెన్సీ, హెర్ట్జ్‌లలో కొలుస్తారు) రెట్టింపులో, మూడింతల్లో కూడా ఇదే కథ, కాకపోతే ఖాళీలు వేరే చోట్ల పడతాయి. రెట్టింపు మోడ్‌కి గది మధ్యలో మళ్లీ ఉబ్బు, పావు దూరంలో ఖాళీ.

పై స్వరాల్లో ఈ మోడ్లు ఎంత దట్టంగా ఉంటాయంటే ఒకదాన్ని విడిగా పట్టుకోలేం, అన్నీ కలిసి సాఫీగా అయిపోతాయి. కింద మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయి, అందుకే ప్రతిదీ చెవికి తగులుతుంది. ఈ రెండిటి మధ్య గీత ఎక్కడ పడుతుందో మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ అనే జర్మన్ భౌతికశాస్త్రవేత్త లెక్క కట్టి చూపించాడు. మన పది బై పన్నెండు బెడ్‌రూమ్‌కి అది సుమారుగా 200 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. ఆ గీత కింద స్పీకర్ ఎంత ఖరీదుదైనా చివరి మాట గదిదే.

ఇంకో మాట, ఇది మన ఊళ్లకే సంబంధించింది. నెట్‌లో దొరికే సలహాల్లో చాలావరకు అమెరికా ఇళ్లని దృష్టిలో పెట్టుకుని రాసినవి. అక్కడ లోపలి గోడలు చెక్క ఫ్రేమ్ మీద జిప్సమ్ బోర్డు కొట్టినవి, బేస్ తగిలితే అవి కొద్దిగా వణికి కొంత శక్తిని తినేస్తాయి, కొంత బయటికి వదిలేస్తాయి. మనది సిమెంటు ఇటుక, పైన కింద కాంక్రీట్ స్లాబ్, దాని మీద టైల్స్. 50 హెర్ట్జ్ అల మన గోడకి కొడితే దాదాపు మొత్తం వెనక్కి వస్తుంది. కాబట్టి వాళ్ల గదిలో ఓ మాదిరిగా ఉండే మోడ్ మన గదిలో ఇంకా ఎత్తుగా, ఇంకా ఎక్కువసేపు మోగుతుంది.

టేపు తీసుకోండి

గది పొడవు, వెడల్పు, ఎత్తు గోడ నుంచి గోడకి అడుగుల్లో కొలవండి. బ్రోషర్‌లో రాసింది నమ్మొద్దు, ప్లాస్టరింగ్ పోగా లోపల ఎంత మిగిలిందో అదే లెక్క. ఒక తప్పు చాలామంది చేస్తారు, నేనూ చేశాను: పది అడుగుల తొమ్మిది అంగుళాలు అంటే 10.9 కాదు, 10.75. అంగుళాలని పన్నెండుతో భాగించి కలపాలి.

ఇప్పుడు 565ని ఒక్కో కొలతతో భాగించండి, వచ్చేది ఆ రెండు గోడల మధ్య మొదటి మోడ్, హెర్ట్జ్‌లలో. ఈ 565 ఎక్కడిదంటే, గాలిలో శబ్దం సెకనుకి సుమారు 1130 అడుగులు వెళ్తుంది, అందులో సగం. మే నెల చెన్నైలో ఏసీ లేకుండా కూర్చుంటే శబ్దం ఇంకొంచెం వేగంగా వెళ్తుంది, లెక్క రెండు మూడు శాతం పైకి జరుగుతుంది, అంతకంటే ఏం కాదు.

గదిలోకి వెళ్లేముందు బాత్రూమ్‌లో ప్రాక్టీస్ చేయమంటాను, ఎందుకంటే అక్కడ లెక్క చెవికి వెంటనే తెలిసిపోతుంది. మా బాత్రూమ్ నాలుగు బై ఏడు. 565ని 4తో భాగిస్తే 141, 7తో భాగిస్తే 81 దగ్గర. రెండూ మగవాళ్ల గొంతు అందుకునే స్వరాలే. తలుపు వేసి మూలకి తిరిగి, నోరు మూసి, కింది స్వరం నుంచి మెల్లగా పైకి జారుతూ "మ్మ్మ్" అనండి. ఒకచోట మీరేమీ చేయకుండానే గొంతు రెట్టింపైనట్టు గోడలు పలుకుతాయి, అదే మీ బాత్రూమ్ మోడ్. స్నానం చేస్తూ పాడితే మనందరం మహాగాయకులమని అనిపించడానికి కారణాల్లో ఇదొకటి.

ఇక గది. నాది 12 అడుగుల పొడవు, 10 వెడల్పు, తొమ్మిదిన్నర ఎత్తు. పొడవుకి 47, వెడల్పుకి 56.5, ఎత్తుకి 59.5 హెర్ట్జ్ వచ్చాయి. ప్రతి అంకెకీ రెట్టింపు, మూడింతలు కూడా 200 దాకా రాసుకోండి: పొడవుకి 47, 94, 141, 188. వెడల్పుకి 56.5, 113, 169.5. ఎత్తుకి 59.5, 119, 178. అన్నిటినీ ఒక వరుసలో పెట్టి చూస్తే 56.5, 59.5 పక్కపక్కనే ఉన్నాయి, 113, 119 కూడా అంతే. బేస్ గిటార్‌లో ఎ నోట్ 55 హెర్ట్జ్. నేను మూలలో, పక్క గోడకి ఆనుకుని కూర్చున్నాను, అంటే వెడల్పు మోడ్ ఎక్కడ పూర్తిగా ఉబ్బుతుందో సరిగ్గా అక్కడ. నా ఎ నోట్ ఎందుకు గుమ్మందో కాగితం మీదే కనపడింది, ఫోమ్ కొనకముందు ఈ ఐదు నిమిషాల పని చేసి ఉంటే బాగుండేది.

రెండు జతల గోడలు కలిసి చేసే మోడ్లు కూడా ఉంటాయి. రెండు అంకెలనీ వర్గం చేసి కలిపి వర్గమూలం తీస్తే వస్తాయి, నా గదిలో పొడవు, వెడల్పు కలిస్తే 73.5. ఇవి మొదటివాటికంటే బలహీనం కాబట్టి మొదటి రోజే వీటి జోలికి వెళ్లక్కర్లేదు.

కొలతల నిష్పత్తి ఎందుకంత ముఖ్యం

మోడ్లు లేని గది ఉండదు. మంచి గది అంటే అవి ఒకదాని మీద ఒకటి పడకుండా ఎడంగా సర్దుకున్న గది. నిష్పత్తి చేసే పని అంతా ఇంతే.

అన్నిటికంటే చెడ్డది పది బై పది గది. బెంగళూరు టూ బీహెచ్‌కే ఫ్లాట్లలో రెండో బెడ్‌రూమ్ తరచుగా ఇదే కొలత, పైన స్లాబ్ కూడా తొమ్మిదిన్నరో పదో ఉంటుంది. పొడవుకీ వెడల్పుకీ 56.5, ఎత్తుకీ దాదాపు అంతే. మూడు మోడ్లూ ఒకేచోట కూర్చుంటాయి, అంటే ఒక స్వరం అరుస్తుంది, దాని చుట్టుపక్కల స్వరాలు నీరసంగా ఉంటాయి. పది బై ఇరవై హాలు చూడటానికి విశాలంగా ఉంటుంది కానీ అక్కడా చిక్కే: పొడవుకి 28.25, దాని రెట్టింపు 56.5, సరిగ్గా వెడల్పు మోడ్ మీదే పడుతుంది. ఒక కొలత ఇంకోదానికి సరిగ్గా రెట్టింపు ఉంటే ఎప్పుడూ ఇదే గొడవ.

ఏ నిష్పత్తి బాగుంటుందని చాలామంది లెక్కలు కట్టారు. 1965లో సెప్‌మేయర్ మూడు నిష్పత్తులు ఇచ్చాడు, వాటిలో ఒకటి ఎత్తు 1 అయితే వెడల్పు 1.14, పొడవు 1.39. 1971లో లౌడెన్ 1, 1.4, 1.9 అన్నాడు. 1981లో అర్జెంటీనాకి చెందిన ఆస్కార్ బొనెల్లో ఇంకోలా ఆలోచించాడు: నిష్పత్తిని చూడటం కాదు, ఫ్రీక్వెన్సీలని మూడోవంతు ఆక్టేవ్ (ఆక్టేవ్ అంటే ఒక ఫ్రీక్వెన్సీ నుంచి దాని రెట్టింపు దాకా) ముక్కలుగా కోసి ఒక్కో ముక్కలో ఎన్ని మోడ్లు పడ్డాయో లెక్కపెట్టండి, పైకి వెళ్లేకొద్దీ ఆ సంఖ్య తగ్గకుండా ఉంటే గది పర్వాలేదు అని. లౌడెన్ నిష్పత్తి తొమ్మిదిన్నర స్లాబుకి పెడితే పదమూడు బై పద్ధెనిమిది గది కావాలి, మన అద్దెల్లో అది కలే. కానీ సెప్‌మేయర్‌ది పెట్టి చూడండి: వెడల్పు 10.8, పొడవు 13.2. మన ఫ్లాట్లలో పదకొండు బై పదమూడు మాస్టర్ బెడ్‌రూమ్ దాదాపు అదే. మోడ్లు 43.5, 51.4, 59.5 దగ్గర పడతాయి, ఒక్కోదానికీ మధ్య ఎనిమిది హెర్ట్జ్, మెట్లు కట్టినట్టు. చిన్న బెడ్‌రూమ్‌లో స్టూడియో పెట్టి పెద్దదాంట్లో పడుకునేవాళ్లు ఇంట్లోవాళ్లతో ఒకసారి మాట్లాడి చూడండి. నేను మాట్లాడాను, ఓడిపోయాను.

అయితే ఈ నిష్పత్తుల్ని మంత్రంలా పట్టుకోకండి. గోల్డెన్ రేషియో అంటూ గోడలు జరిపించినవాళ్లు ఉన్నారు. కబోర్డులు, అటక, తలుపు, బాల్కనీ ఉన్న గది కాగితం మీది డబ్బాలా ప్రవర్తించదు. పైగా కూర్చునే చోటు తప్పయితే ఎంత మంచి నిష్పత్తి అయినా దండగ. అద్దె ఇంట్లో గోడ జరపలేం, కుర్చీ జరపగలం.

చెవితో సరిచూడండి

ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసుకుని స్పీకర్‌కి కలపండి. 40 నుంచి 200 దాకా రెండేసి హెర్ట్జ్ పెంచుకుంటూ ఒక్కో స్వరం మోగించి, ఏది ఉబ్బింది, ఏది మాయమైంది రాసుకోండి. వాల్యూమ్ తక్కువే ఉంచండి, ఐదంగుళాల వూఫర్ (స్పీకర్లో బేస్ పలికే భాగం) 40 హెర్ట్జ్‌ని మోయలేదు, గట్టిగా పెడితే దాని కోన్ (ముందుకీ వెనక్కీ కదిలే పొర) పోతుంది. మీరు కాగితం మీద రాసిన అంకెలకి అటూ ఇటూ రెండు మూడు హెర్ట్జ్‌లలో ఉబ్బులు దొరికితే లెక్క సరిపోయినట్టే. బాగా తేడా వస్తే ఎత్తు కొలత మళ్లీ చూడండి, ఫాల్స్ సీలింగ్ ఉందేమో కూడా చూడండి. పలచని జిప్సమ్ సీలింగ్ అయితే బేస్ దాన్ని దాటి అసలు స్లాబు దాకా వెళ్తుంది.

ఈ పరీక్షలో ఇంకో లాభం ఉంది. 60కీ 70 హెర్ట్జ్‌కీ మధ్య ఎక్కడో మా స్టీల్ బీరువా తలుపు జర్రుమని మోగింది. నెలల తరబడి దాన్ని నేను స్పీకర్ డిస్టార్షన్ అనుకున్నాను, సర్వీసుకి ఇద్దామనుకున్నాను కూడా. తలుపు సందులో మడిచిన గుడ్డ పెడితే పోయింది. కిటికీ స్లైడింగ్ అద్దాలు, ట్యూబ్‌లైట్ పట్టీ, షెల్ఫ్ మీది స్టీలు గ్లాసులు, అన్నిటికీ ఒక్కో స్వరం ఉంటుంది. ముందు వాటి నోరు మూయించండి, తర్వాతే గది సంగతి.

కుర్చీ ఎక్కడ

ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, కాబట్టి ఇక్కడ ఓపిక పట్టండి. స్పీకర్లు పొట్టి గోడ వైపు పెట్టి, పొడవు దిశలో వినేలా కూర్చోండి. ఎడమ, కుడి గోడలకి సమాన దూరం. ముందు గోడ నుంచి పొడవులో 38 శాతం దూరంలో తల ఉండేలా మొదలుపెట్టండి, పన్నెండు అడుగుల గదికి నాలుగడుగుల ఏడంగుళాలు, పదమూడుకి దాదాపు ఐదడుగులు. 38 అన్నది వేదవాక్యం కాదు, పొడవు మోడ్లలో మొదటి మూడింటి ఖాళీలకి కాస్త ఎడంగా ఉండే చోటు, అంతే. అక్కడి నుంచి అంగుళం అంగుళం ముందుకీ వెనక్కీ జరిగి వినండి. ఆరంగుళాల తేడాకే 94 దగ్గర చాలా మారుతుంది.

కూర్చోకూడని చోట్లు రెండు. గది పొడవుకి సరిగ్గా సగంలో కూర్చుంటే 47 మాయం, 94 మాత్రం అరుస్తుంది. వెనక గోడకి తల ఆనించి కూర్చుంటే అన్నీ ఉబ్బుతాయి. మంచం మీద గోడకి ఆనుకుని ల్యాప్‌టాప్‌లో మిక్స్ చేసేవాళ్లకి బేస్ ఎప్పుడూ ఎక్కువే అనిపించేది అందుకే.

వెడల్పులో మధ్యన కూర్చుంటే వెడల్పు మోడ్ ఖాళీలో కూర్చున్నట్టే కదా అని మీకు అనుమానం రావాలి. నిజమే, ఎ నోట్ ఇప్పుడు నాకు కొంచెం తక్కువ వినిపిస్తుంది. కానీ స్టీరియో ఎడమా కుడీ సరిగ్గా తూగాలంటే మధ్యలో కూర్చోక తప్పదు, పైగా తగ్గిన స్వరం కంటే పెరిగి మోగుతూనే ఉండే స్వరం మిక్స్‌ని ఎక్కువ పాడుచేస్తుందని నా అనుభవం.

స్పీకర్లు, సబ్‌వూఫర్

స్పీకర్‌ని గోడకి దూరంగా పెట్టాలని అందరూ చెప్తారు. పెద్ద గదిలో మంచి మాటే, మన గదిలో మాత్రం ఇరుక్కుంటాం. స్పీకర్ వెనక్కి వెళ్లిన బేస్ గోడకి కొట్టుకుని వచ్చి ముందుకొచ్చే బేస్‌ని ఒకచోట కొట్టేస్తుంది. ఆ చోటు తెలియాలంటే కోన్ నుంచి గోడకి ఎన్ని అడుగులో కొలిచి, ఆ అంకెని నాలుగుతో హెచ్చించి, 1130ని దానితో భాగించండి. రెండున్నర అడుగులైతే 113 హెర్ట్జ్‌లో గొయ్యి, బేస్ గిటార్‌కి, డ్రమ్స్‌లోని ఫ్లోర్ టామ్‌కి ప్రాణమైన చోటు. అదే అడుగు దూరమైతే గొయ్యి 282కి జరుగుతుంది, అక్కడ దాన్ని కింద చెప్పబోయే ప్యానెల్‌తో పట్టుకోవచ్చు. కాబట్టి చిన్న గదిలో గోడకి దగ్గరగానే పెట్టండి, వెనక పోర్ట్ (గాలి రంధ్రం) ఉంటే నాలుగంగుళాలు వదలండి. దగ్గరగా పెట్టినందుకు కింది స్వరాలు మొత్తంగా పెరుగుతాయి, స్పీకర్ వెనక ఉండే స్విచ్‌తో తగ్గించుకోండి.

సబ్‌వూఫర్ (బేస్ కోసమే విడిగా పెట్టే స్పీకర్) ఉంటే దాన్ని కుర్చీలో మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ లైన్ నడుస్తుండగా మీరు నేల మీద మోకాళ్లతో గోడల వెంట పాకాలి. ఎక్కడ స్వరాలన్నీ సమానంగా వినిపిస్తాయో అక్కడ సబ్ పెట్టి, మీరు కుర్చీలోకి వెళ్లిపోవాలి. పిచ్చిగా ఉంటుంది కానీ పనిచేస్తుంది. నేను పాకుతున్న రోజే మా అత్తగారు ఊరి నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. "ఏం పోయింది బాబూ, నేనూ వెతకనా?" అన్నారు. బేస్ పోయిందని ఏం చెప్పను. తర్వాత సబ్ ఈశాన్యం మూల పెడదామంటే ఆ బరువు అక్కడ కుదరదన్నారు. భౌతికశాస్త్రానికి ఖాళీ గదిలో నాలుగు మూలలూ ఒకటే కాబట్టి నేనూ వాదించలేదు. మూలలో బేస్ గట్టిగా ఉంటుంది, కానీ అన్ని మోడ్లూ ఒకేసారి లేస్తాయి. చివరికి నాకు కుదిరింది పొడుగు గోడ వెంట, మూల నుంచి మూడడుగుల దగ్గర. పన్నెండులో పావు, అంటే 94 మోడ్‌కి ఖాళీ పడే చోటు. అక్కడ పెట్టిన సబ్ ఆ మోడ్‌ని లేపలేదు.

హాలు పెద్దదై నలుగురు కూర్చుని సినిమా చూసేదైతే ఒక పెద్ద సబ్ కంటే రెండు చిన్నవి, ఎదురెదురు గోడల మధ్యల్లో. హర్మన్ అనే ఆడియో కంపెనీలో పనిచేసిన టాడ్ వెల్టీ 2002లో ఈ ప్రశ్న మీదే లెక్కలు వేసి చూపించాడు.

ఫోమ్, రాక్‌వూల్, దూది పరుపు

50 హెర్ట్జ్ అల పొడవు ఇరవై రెండున్నర అడుగులు. దాన్ని రెండంగుళాల ఫోమ్‌తో ఆపాలనుకోవడం తుఫానుకి గొడుగు పట్టడమే. కోడిగుడ్ల అట్టలూ అంతే. ఇలాంటి మెత్తని సరుకు గాలి వేగంగా కదిలేచోట పనిచేస్తుంది, గోడ దగ్గర గాలి దాదాపు కదలదు, వేగం ఎక్కువుండేది గోడ నుంచి పావు అల దూరంలో. అంటే 50 హెర్ట్జ్‌కి ఐదున్నర అడుగులు. అందుకే మందం కావాలి, గోడకీ ప్యానెల్‌కీ మధ్య ఖాళీ కావాలి.

చేయగలిగింది ఇది: ఘనమీటరుకి 48 కిలోల డెన్సిటీ ఉన్న రాక్‌వూల్ (రాతి పీచు) స్లాబులు రెండేసి అంగుళాలవి రెండు పొరలుగా వేసి, చెక్క ఫ్రేమ్ కొట్టించి, పాత కాటన్ చీర చుట్టి, గోడకి నాలుగంగుళాల ఎడంగా నిలబెట్టండి. మేకులు కొడితే ఖాళీ చేసేటప్పుడు ఓనర్ డిపాజిట్‌లో కోస్తాడు, కాళ్లున్న ఫ్రేమే నయం. మొదట మూలల్లో, నేల నుంచి పైదాకా. ఆ తర్వాతే వెనక గోడ. కోసేటప్పుడు మాస్కు, గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి, నేను బనీనుతో కోసి రెండు రోజులు గోక్కున్నాను. ఇలాంటి ప్యానెల్ 100 హెర్ట్జ్ పైన బాగా పనిచేస్తుంది, 60 కింద పెద్దగా ఆశ పెట్టుకోకండి. మందపు దూది పరుపు చుట్టి మూలలో నిలబెట్టినా గుడ్డికన్నా మెల్ల నయం.

ఈక్యూ చివర్లో

కుర్చీ, స్పీకర్లు, ప్యానెళ్లు అయ్యాకే ఈక్యూ. ఉబ్బిన స్వరాన్ని సన్నటి కోతతో తగ్గించండి, గొయ్యిని మాత్రం నింపాలని చూడొద్దు. గొయ్యిలో అల తనని తనే కొట్టేసుకుంటోంది, మీరు ఎంత పోస్తే అంతా కొట్టేసుకుంటుంది. పది డెసిబెల్స్ పెంచడమంటే యాంప్లిఫయర్‌ని పదింతల పవర్ అడగడం. గొయ్యికి మందు కుర్చీ జరపడమే.

చెవి మీద నమ్మకం చాలకపోతే కొలత మైక్ ఒకటి కొనండి, కాలిబ్రేషన్ ఫైలుతో వచ్చే యూఎస్‌బీ మైక్. రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ ఉచితం. మైక్‌ని మీ తల ఉండే చోట పెట్టి 20 నుంచి 200 దాకా స్వీప్ (కింది నుంచి పైకి జారే స్వరం) కొట్టండి, స్మూతింగ్ (గ్రాఫ్‌ని నునుపు చేసే సెట్టింగ్) తీసేసి చూడండి. గ్రాఫ్‌లో ఎత్తు ఒక్కటే కాదు, వాటర్‌ఫాల్ బొమ్మలో ఏ స్వరం ఎంతసేపు ఆరకుండా మోగుతోందో కూడా చూడండి. మొదటిసారి ఆ గ్రాఫ్ చూస్తే కొండల బొమ్మలా ఉండి టెన్షన్ వస్తుంది, రానివ్వండి, ఎవరి బెడ్‌రూమ్ అయినా అలాగే ఉంటుంది. ఒక్కసారి ఒక్క మార్పే చేసి మళ్లీ కొలవండి, రెండు కలిపి చేస్తే దేనివల్ల ఏం మారిందో తెలియదు.

పోయిన నెల మా ఓనర్ ఇల్లు ఖాళీ చేయమన్నాడు, ఇప్పుడు నేను ఫ్లాట్లు చూస్తున్నప్పుడు జేబులో టేపు ఉంటుంది. ఎల్ ఆకారంలో వంట గదితో కలిసిపోయిన హాళ్లకి 565 లెక్క సరిగ్గా కుదరదు, అలాంటివి కొలతల్ని పట్టి కాకుండా గొంతుతో చూస్తాను: మూలకి తిరిగి మెల్లగా "మ్మ్మ్" అంటూ స్వరం జారుస్తాను, ఒక్కచోటే గట్టిగా పలికితే వద్దనుకుంటాను, రెండు మూడు చోట్ల కొంచెం కొంచెంగా పలికితే టేపు తీస్తాను. పోయిన ఆదివారం బ్రోకర్ గుమ్మం దగ్గరే ఆగిపోయి, నా మూలుగు అయ్యేదాకా చూసి, "ఒంట్లో బాగలేదా సార్? లిఫ్ట్ ఉన్న ఫ్లాట్ చూపించనా?" అన్నాడు. ఆ గది పదకొండు బై పదమూడు. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. అడ్వాన్స్ ఇచ్చేశాను.